అమ్మవారి మాత్ర, నా లూపు

మా అత్తారింట్లో దేవుడి కోసం మింగే మాత్రకున్న గౌరవం మనిషి కోసం మింగే మాత్రకు లేదు. నాకు జ్వరం వస్తే "గోలీలకి అలవాటు పడిపోకే" అని కసిరే మా అత్త, అమ్మవారి పండగ దగ్గర పడుతోందంటే మాత్రం తానే మెడికల్ షాపు దాకా నడిచి వెళ్ళి, మాత్రలు కాగితంలో చుట్టించి తెచ్చి నా చేతిలో పెట్టేది. షాపువాడికీ అలవాటే. ఆవిడ నోరు తెరవకముందే "పూజావాలీ గోలీ?" అని అడిగేవాడు. నెలసరిని వెనక్కి నెట్టే ఆ మాత్ర అసలు పేరేమిటో మా భాలుబాసా వీధిలో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరమూ ఎవరికీ రాలేదు. డాక్టరు చీటీ అక్కర్లేదు, మొగుణ్ణి అడగక్కర్లేదు, ఒంటికి పడుతుందా లేదా అన్న అనుమానం అసలే అక్కర్లేదు. అమ్మవారి పని మీద కడుపులోకి వెళ్ళే మాత్రని ఆపేదెవరు?

నేను పుట్టింది సిద్ధగోరాలో, మెట్టింది భాలుబాసాలో. రెండూ టాటానగర్ పేటలే. రెండిళ్ళ వాళ్ళూ తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి కార్ఖానా పనికి వచ్చినవాళ్ళే. వచ్చినవాళ్ళు ఊరు వదిలేశారు, పొలం వదిలేశారు, భాష కూడా సగం వదిలేశారు. మా పిల్లలకి తెలుగు అర్థమవుతుంది గానీ నోరు తిరగదు. వదలకుండా మోసుకొచ్చినది ఒక్క అమ్మవారి పండగే. ఆ రోజు ఆడవాళ్ళు పసుపు కుంకుమలు పూసిన కుండల్ని నెత్తిన పెట్టుకుని డప్పులతో వీధి వీధీ తిరుగుతారు. వాటిని ఘటాలంటారు. మొదటి ఘటం మా అత్తారింటిది. దాన్ని ఆ ఇంటి కోడలే ఎత్తాలి. కోడలు గడపలో కాలు పెట్టాక అత్త ఘటం ఎత్తకూడదట. ఈ నియమం ఎవరు పెట్టారో తెలియదు గానీ, పెట్టింది మాత్రం కచ్చితంగా ఎవరో అత్తగారే అయ్యుండాలి.

నాకు మొదటి నుంచీ నెలసరి ఎక్కువే. కూతురు పుట్టాక మరీ ఎక్కువైంది. ఇక మాత్రలతో వెనక్కి నెట్టిన నెల సంగతి చెప్పనే అక్కర్లేదు. పండగ అయిపోయి మాత్రలు ఆపగానే డ్యాము గేట్లు ఎత్తినట్టు వచ్చిపడేది. పండగ ముగిసిన ఆనందంలో అందరూ కోడిమాంసం తింటుంటే నేను స్నానాలగదిలో గోడ పట్టుకుని నిలబడి ఉండేదాన్ని. "అమ్మోరి దయ, పండగ బాగా జరిగినాది" అని మా అత్త బయట ఎవరితోనో అంటూ ఉండేది. బాగానే జరిగింది మరి. జరగాల్సినదంతా పండగ తర్వాత నాకు జరుగుతోంది.

నేను పనిచేసేది టాటానగర్ స్టేషను అవతల ఒక ధర్మకాంటాలో. సరుకు లారీలని తూచే చోటది. పేరులోనే ధర్మం పెట్టేశాం కదా, ఆడమనిషికి మరుగుదొడ్డి కట్టించే ధర్మం వేరే ఎందుకనుకున్నాడు కాబోలు దాని యజమాని. నేను కూర్చునేది ఒక అద్దాల గది. లారీ కాంటా ఎక్కగానే బరువు చూసి, రసీదు తీసి కిటికీలోంచి ఇవ్వాలి. డ్రైవర్ల కోసం కట్టిన దొడ్డి, యార్డుకి ఆ చివర ఉంది. దానికి గొళ్ళెం లేదు. లారీలు వరుసగా వస్తుంటే లేవడానికి ఉండదు, లేస్తే డ్రైవర్లు హారన్లు మోగిస్తారు. అందుకని నెలసరి రోజుల్లో నల్ల సల్వారు వేసుకునేదాన్ని, కుర్చీ మీద పాత తువ్వాలు మడత పెట్టుకునేదాన్ని, మంచినీళ్ళు తాగడం మానేసేదాన్ని.

ఇంటికి వస్తే ఇంకో ధర్మం. ఆ మూడు రోజులూ వెనక గదిలో చాప, విడిగా కంచం, విడిగా గ్లాసు. వంటింట్లో అడుగు పెట్టకూడదు, నీళ్ళ బిందె ముట్టుకోకూడదు. ఉద్యోగానికి మాత్రం వెళ్ళొచ్చు. నేను ముట్టుకున్న బిందెకి మైల అంటుతుంది గానీ, నేను తెచ్చిన జీతానికి అంటదు. జీతం తెచ్చి ఇస్తే మా అత్త రెండు చేతులా అందుకునేది, ఏ రోజైనా సరే.

ఒక ఏడాది పండగ అయిన వారంలో కాంటా గది మెట్ల మీద కళ్ళు తిరిగి పడిపోయాను. ఎవరో డ్రైవరు మొహాన నీళ్ళు చల్లి ఆటో ఎక్కించాడు. చున్నీ నడుముకి చుట్టుకుని, సీటుకి అంటకుండా ఒక పక్కకి ఒరిగి కూర్చున్నాను. పడిపోయిన మనిషిని, ఆ స్థితిలో కూడా నాకున్న చింత ఆటోవాడి సీటు గురించే. మనకి నేర్పిన సంస్కారం అంత గట్టిది.

డాక్టరమ్మ నా కింది కనురెప్ప లాగి చూసింది, రక్తపరీక్ష రిపోర్టు చూసింది. "ఆప్ ఖడీ కైసే హై?" అంది. అసలు ఎలా నిలబడి ఉన్నావమ్మా అని. స్కానింగు తీయించి, గర్భసంచిలో గడ్డలూ అవీ ఏమీ లేవని చెప్పింది. ఇంతకు ముందు ఏమైనా మందులు వాడావా అంటే పూజామాత్రల సంగతి చెప్పాను.

"అవీ హార్మోన్లే. ఇన్నేళ్ళ నుంచి ఎవరు రాసిస్తున్నారు?" అని హిందీలో అడిగింది.

"మా అత్త" అన్నాను.

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టేసింది. తర్వాత ఐరన్ మాత్రలు రాసి, హార్మోను లూపు గురించి చెప్పింది. గర్భసంచిలో పెట్టే చిన్న ప్లాస్టిక్ వస్తువట. కొద్దికొద్దిగా మందు వదులుతూ ఉంటుంది. లోపలి పొర మందంగా పెరగదు, పెరగకపోతే రాలిపోయేదీ పెద్దగా ఉండదు. కొందరికి నెలసరి బాగా తగ్గుతుంది, కొందరికి పూర్తిగా ఆగిపోతుంది. ఆగినా ప్రమాదం లేదు. పిల్లలు పుట్టకుండా కూడా పనిచేస్తుంది, వద్దనుకుంటే తీయించేసుకోవచ్చు. ఇంత చిన్న విషయం నాకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదేమని ఒళ్ళు మండిపోయింది. ఆ మంటతోనే ఇంటికి వెళ్ళి చెప్పాను.

మా ఆయన కాంట్రాక్టరు కింద ఫిట్టరు. ఈ లోకమంతా పైపులతో చేసిందని ఆయన నమ్మకం.

"మెయిన్ వాల్వు బంద్ చేసేత్తే ప్రెషరు ఎక్కడికి పోతాది? ఏదో ఓ జాయింటు కాడ లీకవ్వాల కదేటి?" అన్నాడు.

"ప్రెషరూ లేదు, ఏటీ లేదు. లోపల లైనింగు పలచగా ఉంటాది, అంతే" అన్నాను.

"లైనింగు పలచబడితే ఫర్నేసే పోతాది!" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే భయపడ్డాడు. డ్యూటీలో అలా లోపలి ఇటుకల పొర అరిగి, పైరేకు ఎర్రబడిన ఫర్నేసులు చూసినవాడు. నేను ఫర్నేసుని కాదని ఆయనకి నచ్చజెప్పడానికి ఆ సాయంత్రమంతా పట్టింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నా శరీరం గురించి అంతసేపు ఆలోచించడం అదే మొదలు.

మా అత్తకి ఇంజనీరింగుతో పని లేదు. "సెడ్డ నెత్తురు బయటికి పోవాల. ఆపితే తలకెక్కుతాది. ఎర్రిదానివైపోతావు" అంది.

"మరి పండక్కి నువ్వు ఆపినప్పుడు తలకెక్కలేదా అత్తా?"

"అది అమ్మోరి కోసరం. ఇది నీ సుకం కోసరం."

సుఖం అన్న మాటని ఆవిడ బియ్యంలో పురుగుని ఏరి పారేసినట్టు అంది. నేను ఏ సుఖం అడిగానని? కుర్చీలోంచి లేచినప్పుడు వెనక్కి తిరిగి చూసుకోకుండా ఉండే సుఖం. మెట్లు ఎక్కితే ఆయాసం రాకుండా ఉండే సుఖం. మా ఇంట్లో మగవాళ్ళకి పుట్టుకతో వచ్చిన ఈ సుఖానికి ఎవరూ పేరు కూడా పెట్టలేదు. నేను అడిగేసరికి అది విలాసమైపోయింది.

నేను వెళ్ళాను. క్లినిక్కులో చీటీలు రాసే అమ్మాయి "హస్బెండ్ కో లాయే హై?" అని అడిగింది. డ్యూటీలో ఉన్నాడన్నాను. ఆయన వచ్చాకే రమ్మంది. గొడవ విని డాక్టరమ్మ బయటికి వచ్చి, "బచ్చేదానీ ఉన్‌కీ హై క్యా?" అని ఆ అమ్మాయినే అడిగింది. గర్భసంచి ఆయనదా అని. వరండాలో కూర్చున్న మొగుళ్ళందరూ ఒక్కసారిగా ఫోన్లలోకి తలలు దించుకున్నారు.

లూపు పెట్టేటప్పుడు నొప్పి పుట్టింది, అబద్ధమెందుకు. పళ్ళు బిగించి పైకప్పు వైపు చూస్తూ పడుకున్నాను. పొత్తికడుపులో మెలిపెట్టినట్టు అయింది, తర్వాత తగ్గింది. ఇంటికి వచ్చి కుక్కరు పెట్టాను. మొదటి కొన్ని నెలలు ఒక పద్ధతి లేకుండా చుక్క చుక్క కనిపిస్తుందని డాక్టరమ్మ ముందే చెప్పింది, అలాగే కనిపించింది. దాంతో మా అత్తకి పెద్ద ధర్మసందేహం వచ్చిపడింది. చుక్క కనిపిస్తే నేను బయట ఉన్నట్టా, లోపల ఉన్నట్టా? రోజూ కనిపిస్తే రోజూ బయటే ఉండాలా? అలాగైతే వంట ఎవరు చేస్తారు? రెండు రోజులు స్వయంగా వండుకుని, మూడో రోజుకి ఆవిడ చుక్కలకి మైల లేదని తేల్చేసింది. ఏ శాస్త్రంలో ఉందని నేను అడగలేదు. గ్యాసు పొయ్యి పక్కన నిలబడితే శాస్త్రం దానంతటదే తడుతుంది.

తర్వాత ఆ చుక్కలూ ఆగిపోయాయి. ఒకరోజు కాంటా గది మెట్లు ఎక్కి, సగంలో ఆగలేదని పైకి వెళ్ళాక గుర్తొచ్చింది. ఆ ఆదివారం సాక్చీ బజారుకి వెళ్ళి తెల్ల సల్వారు కొనుక్కున్నాను. ఇంటికొచ్చి అద్దం ముందు అది వేసుకుని వెనక్కి తిరిగి చూసుకుంటే ఏడుపు వచ్చేసింది. పెళ్ళయ్యాక నేను తెల్ల బట్ట కట్టుకోవడం అదే మొదటిసారి.

అంతా బాగుందనుకునేలోపు మా అత్త ఇంకో కథ మొదలుపెట్టింది. లూపు సంగతి వీధిలో చెప్పుకోవడానికి ఆవిడకి నామోషీ. కానీ కోడలు నెల నెలా బయట చేరడం లేదని నలుగురికీ తెలిసిపోతోంది. ఏదో ఒకటి చెప్పాలి. "ఇన్నేళ్ళు నిష్టగా ఘటం మోసినాది కదా, అమ్మోరే ఎండగట్టేసినాది" అని చెప్పింది. ఆ మాట వీధి చివరికి చేరేసరికి నేను దాదాపు దేవతనైపోయాను. ఎవరింట్లో వ్రతమైనా ప్రసాదం నా చేత్తోనే కలపాలి. పెళ్ళికూతురికి పసుపు నేనే రాయాలి. ఎప్పుడు పిలిచినా మైల ఉండదు కదా, ముహూర్తం చూసుకోవాల్సింది నాతో కాదు, పంతులుతోనే. మొదట్లో నేనూ నవ్వుకున్నాను. పొద్దున్న కాంటా, సాయంత్రం ఎవరింట్లోనో పులిహోర, మళ్ళీ ఇంటికొచ్చి వంట. ఇంతకు ముందు కనీసం ఆ మూడు రోజులు చాప మీద నడుం వాల్చేదాన్ని. అవి కూడా పోయాయి. పవిత్రతకి సెలవు ఉండదని నాకు ఎవరూ చెప్పలేదు.

ఇదంతా భరించేదాన్నేమో. కానీ నా కూతురికి పదహారేళ్ళు నిండాయి. నా ఒంటి తీరే దానికీ వచ్చింది. నెలసరి వస్తే కాళ్ళు ముడుచుకుని గోడ వైపు తిరిగి పడుకుంటుంది. ఈ ఏడు పండగ సరిగ్గా దాని తేదీల్లో వచ్చింది. పండగకి ముందు వారం పసుపు కొట్టడానికి వీధిలో ఆడవాళ్ళందరూ మా వాకిట్లో చేరారు. రోకళ్ళు పడుతున్నాయి. మా అత్త కొంగుముడి విప్పి మాత్రలు తీసి, అందరి ముందూ నా కూతురి చేతిలో పెట్టింది.

"రేపట్నుంచి మింగాల. ఈ ఏడు మీ అమ్మ పక్కన దీపం నువ్వే పట్టాల" అంది.

పిల్ల మాత్రల వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది. ఆ చూపుకి నా చేతిలో రోకలి ఆగిపోయింది. అమ్మాయి నన్ను కాపాడమని అడగడం లేదు. నువ్వూ ఇలాగే మింగావా అని అడుగుతోంది.

"అత్తా, అమ్మోరు నాకు ఎండగట్టినాది కదా. దీనికీ ఎండగట్టమను. మాత్రెందుకు?" అన్నాను.

మిగతా రోకళ్ళు కూడా ఆగాయి.

"అన్నీ అమ్మోరి మీదే ఒదిలేత్తావేటే? మన వొంతు మనం సెయ్యాల" అంది మా అత్త.

"సరే, అయితే అందరూ ఇనండి. నాకు ఎండగట్టింది అమ్మోరు కాదు. లోపల లూపు పెట్టించుకున్నాను. హార్మోను లూపు. అంతకు ముందు పండగ పండక్కీ ఈ మాత్రలు మింగి, మెట్ల మీద పడిపోయాను. నా కూతురు మింగదు."

నేను చెప్పింది ఇంతే. అందరి చూపూ నేను కొట్టిన పసుపు మీద పడింది. "ఓలమ్మ, కాపర్టీయేటి?" అని ఒకావిడ నోరు నొక్కుకుంది. లోపల మిషను పెట్టుకున్నదాని నెత్తి మీదికి అమ్మవారు ఎలా ఎక్కుతుందని ఇంకొకావిడ అడిగింది. ముందు రోజు దాకా నా చేతి ప్రసాదం కోసం క్యూ కట్టినవాళ్ళే, నేను కొట్టిన పసుపుని చేటతో సహా పక్కన పెట్టేశారు. ఒక్క పూటలో దేవతని దించేశారు. ఎక్కించేటప్పుడూ వాళ్ళు నన్ను అడగలేదు కాబట్టి నాకు పెద్ద తేడా తెలియలేదు.

నా కూతురు మాత్రలు రోలు అంచు మీద పెట్టింది. "ముఝే నహీ ఖానా, మామ్మా" అంది. నేను తినను నానమ్మా అని. గొంతు పెంచలేదు, ఏడవలేదు.

మా అత్త మొహం కందిపోయింది. "మరైతే ఘటం ఎవులు ఎత్తుతారు? ఈది నవ్వదా? నానే ఎత్తుతాను" అంది. కోడలుండగా అత్త ఘటం ఎత్తకూడదన్న నియమం ఏమైందో ఎవరూ అడగలేదు. అందరూ తలూపి మళ్ళీ రోకళ్ళు ఎత్తుకున్నారు.

పండగ రోజు తెల్లవారేసరికి, అనుకున్నట్టే, పిల్లకి నెలసరి వచ్చింది. మా అత్తకే ముందు తెలిసింది. నోటితో ఏమీ అనకుండా వెనక గది వైపు చెయ్యి చూపించింది. పట్టుచీర కట్టుకుని, కాళ్ళకి పసుపు రాయించుకుని, నా వైపు చూడకుండా గుడికి వెళ్ళిపోయింది. మా ఆయన గొడుగు పట్టుకుని వెనకాలే వెళ్ళాడు. నేను సెలవు పెట్టి ఇంట్లో ఉండిపోయాను. వేడినీళ్ళ సంచీ నింపి పిల్ల పొత్తికడుపు మీద పెట్టాను. నిన్నూ డాక్టరమ్మకి చూపిస్తాను, నొప్పి తగ్గడానికి ఏవేవో ఉన్నాయి, ఏది కావాలో నువ్వే అడుగు అని చెప్పాను. కళ్ళు మూసుకుని "హాఁ" అంది.

డప్పులు మా వీధిలోకి తిరిగాయి. ఘటం ప్రతి ఇంటి ముందూ ఆగుతుంది. ఆ ఇంటి ఆడమనిషి ఎవరైనా వచ్చి, మోసేవాళ్ళ కాళ్ళ మీద పసుపునీళ్ళు పోయాలి. పోస్తేనే ఘటం కదులుతుంది. మా గుమ్మం ముందు ఆగింది. నెత్తిన ఘటంతో మా అత్త, తన సొంత గుమ్మం ముందు నిలబడి ఉంది. నేను చెంబుతో బయటికి వచ్చాను.

"దాని సేత్తో వద్దు" అంది వెనక నుంచి ఎవరో. "ఆ గుంటని పిలవండి. మనవరాలుంది కదేటి."

ఇంకో ఇద్దరు గొంతు కలిపారు. గుంట ఏ గదిలో ఉందో, ఎందుకుందో, అంతమందిలో తెలిసినది నాకూ మా అత్తకే. ఆవిడ ఒక్క మాట అంటే చాలు, అది బయట ఉంది అని. ఆవిడ ఘటాన్ని రెండు చేతులా బిగించి పట్టుకుంది. ఆ మాట అనేస్తే ఇక నీళ్ళు పోసేవాళ్ళు లేరు. పోసేవాళ్ళు లేకపోతే మొదటి ఘటం సొంత గుమ్మం ముందు ఆగిపోయిందని ఊరంతా చెప్పుకుంటుంది.

కేకలు విని నా కూతురు తనే వచ్చింది. పాత పైజమా మీదే, చెదిరిన జుట్టుతోనే. నా చేతిలో చెంబు తీసుకుని ఘటం ముందు నిలబడి, నానమ్మ మొహంలోకి చూసింది.

"డాలూఁ క్యా, మామ్మా?"

పొయ్యనా అని. డప్పులవాళ్ళు కర్రలు ఎత్తి పట్టుకుని చూస్తున్నారు. మా అత్త మెడ నరాలు బిగిసి ఉన్నాయి. పసుపుతో కలిసి చెమట కళ్ళలోకి కారుతోంది, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. పిల్లని చూసింది, నన్ను చూసింది.

"పొయ్యే. బేగి పొయ్యి. బరువుగా ఉన్నాది" అంది.

పిల్ల పోసింది. నీళ్ళు మా అత్త పాదాల మీద నుంచి గుమ్మంలోకి పారాయి. డప్పులు మళ్ళీ అందుకున్నాయి, ఘటం పక్కింటికి కదిలింది. ఆకాశమేమీ ఊడిపడలేదు, అక్కడే ఉంది. పక్కనున్న ఆడవాళ్ళు "మనవరాలు సల్లగా పోసినాది" అని మెచ్చుకున్నారు కూడా.

అందరూ నాకు సంతోషం కలిగి ఉంటుందనుకుంటారు. లేదు, కోపం వచ్చింది. గుమ్మం పట్టుకుని నిలబడి ఆ ఊరేగింపుని చూస్తుంటే ఇంకా పెరిగింది. ఇంత సులువా? నేను మింగిన మాత్రలన్నీ, స్నానాలగదిలో గోడ పట్టుకుని నిలబడ్డ పూటలన్నీ, ఒక్క మాటతో పోయేవి. ఆ మాట ఆవిడ దగ్గర ఎప్పటి నుంచో ఉంది. నాతో మాత్రం ఒక్క ఏడు కూడా అనలేదు.